రిపోర్టులు బాగున్నా తగ్గని నొప్పి: పురుషుల్లో దీర్ఘకాలిక కటి బాధ

మూత్రానికి వెళ్తే మంట. గంటసేపు కుర్చీలో కూర్చుంటే వృషణాలకూ మలద్వారానికీ మధ్య బరువుగా నొప్పి. పొత్తికడుపులో లాగుతున్నట్టు ఉంటుంది. తెలుగు ఇళ్లలో దీనికి మొదట వినిపించే మాట ‘వేడి చేసింది’. మజ్జిగ, బార్లీ నీళ్లు తాగుతారు. తగ్గకపోతే మందుల షాపులో యాంటీబయాటిక్ కొంటారు. నెలలు గడిచినా బాధ పోదు. మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ కనిపించదు, స్కానింగ్ రిపోర్టు కూడా బాగానే ఉంటుంది.

గత 6 నెలల్లో కనీసం 3 నెలల పాటు, ఇన్‌ఫెక్షన్ వంటి స్పష్టమైన కారణం లేకుండా ఇలాంటి బాధ ఉంటే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక కటి నొప్పిగా గుర్తిస్తారు. వివిధ దేశాల సర్వేల ప్రకారం సుమారు 2 నుంచి 10 శాతం పురుషుల్లో ఈ లక్షణాలు ఉంటాయి. పెద్ద వయసులోనే కాదు, యువకుల్లోనూ ఇది కనిపిస్తుంది.

నింద మోసిన ప్రోస్టేట్

మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి ప్రోస్టేట్. చాలాకాలం ఈ నొప్పికి దాని వాపే కారణమని భావించి ‘ప్రోస్టటైటిస్’ అని పిలిచారు. 1995లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ నిపుణులు దీన్ని నాలుగు రకాలుగా విభజించారు. మొదటి రెండు బ్యాక్టీరియా వల్ల వచ్చేవి. నాలుగోది లక్షణాలు లేని వాపు. మూడోదే దీర్ఘకాలిక కటి నొప్పి. లక్షణాలతో వచ్చేవారిలో దాదాపు 90 శాతం ఈ మూడో రకమే.

అంటే బ్యాక్టీరియాను చంపే మందు ఎక్కువమందికి పనిచేసే అవకాశం తక్కువ. 196 మంది పురుషులపై జరిగి 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో సిప్రోఫ్లాక్సాసిన్‌ను 6 వారాలు వాడి చూశారు. ఉత్తుత్తి మాత్ర కంటే అది మెరుగైన ఫలితం ఇవ్వలేదు. పైగా ఈ తరగతి మందులు కొందరిలో కండర బంధనాలను, నరాలను దెబ్బతీస్తాయి. అవసరం లేకుండా వాడిన ప్రతి కోర్సూ మందులకు లొంగని బ్యాక్టీరియా పెరగడానికి దోహదం చేస్తుంది. వైద్యుడి చీటీ లేకుండానే యాంటీబయాటిక్‌లు దొరికే మన దేశంలో ఇది చిన్న విషయం కాదు.

కండరాలు, నరాలు

కటి అడుగు భాగంలో ముందు ఎముక నుంచి వెనుక తోకఎముక దాకా కండరాలు ఊయలలా పరుచుకుని ఉంటాయి. పిడికిలి గంటసేపు బిగించి ఉంచితే చెయ్యి ఎంత నొప్పి పెడుతుందో, ఈ కండరాలు రోజుల తరబడి బిగుసుకుంటే అంతకు మించి బాధ కలుగుతుంది. నొప్పి ఎక్కువకాలం ఉంటే వెన్నుపాము, మెదడు కూడా దానికి మరింత సున్నితంగా మారతాయి. అప్పుడు చిన్న ఒత్తిడి కూడా పెద్ద నొప్పిగా తెలుస్తుంది. ఆందోళన ఈ బిగువును పెంచుతుంది. అంతమాత్రాన నొప్పి ఊహ అని కాదు.

ఒక్క మందుతో పోయేది కాదు

అందుకే ఇప్పుడు వైద్యులు రోగిని ఆరు కోణాల్లో చూస్తున్నారు: మూత్ర సమస్యలు, మానసిక ఒత్తిడి, ప్రోస్టేట్ లేదా మూత్రాశయం, ఇన్‌ఫెక్షన్, నరాలు, కండరాల్లో నొప్పి బిందువులు. ఎవరిలో ఏది కనిపిస్తే దానికి చికిత్స.

కండరాల బిగువు ఉన్నవారికి ఫిజియోథెరపీ ముఖ్యం. 47 మంది స్త్రీపురుషులపై జరిగి 2009లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, నొప్పి బిందువులను సడలించే చికిత్సతో 57 శాతం మంది మెరుగుపడ్డారు. మామూలు మసాజ్‌తో మెరుగైనవారు 21 శాతమే. బిగుసుకున్న కండరాలను మరింత బిగించే కీగెల్ వ్యాయామాలు మాత్రం నిపుణుల సలహా లేకుండా చేయకూడదు. కడుపు నిండా నెమ్మదిగా శ్వాస తీయడం, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కాసేపు కూర్చోవడం, మధ్యమధ్యలో కుర్చీలోంచి లేవడం, చురుగ్గా నడవడం, మలబద్ధకం రాకుండా చూసుకోవడం చాలామందికి ఉపశమనం ఇస్తాయి.

మెరుగుదలను కొలవడానికి 0 నుంచి 43 వరకు స్కోరు ఇచ్చే ప్రశ్నావళి ఉంది. దాదాపు 6 పాయింట్లు తగ్గితే రోగికి తేడా తెలుస్తుంది. వారాలు, నెలలు పట్టవచ్చు.

ఎప్పుడు ఆగకూడదు

జ్వరం, మూత్రంలో రక్తం, మూత్రం ఆగిపోవడం, వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే వెంటనే వైద్యుణ్ణి కలవాలి. ఇవి వేరే జబ్బులకు సంకేతాలు కావచ్చు.

ఈ నొప్పి క్యాన్సర్ కాదు, తప్పు చేసినందుకు శిక్షా కాదు. సిగ్గుపడి గోడలమీది ‘గుప్త రోగాల’ ప్రకటనలను నమ్మితే డబ్బు, కాలం రెండూ పోతాయి. నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, కూర్చుంటే పెరుగుతోందా, ఇప్పటికే ఏ మందులు వాడారు అన్నవి కాగితం మీద రాసుకుని యూరాలజిస్టుకు చూపితే చికిత్స సరైన దారిలో మొదలవుతుంది.