మూడూళ్ల పిన్‌లో ముచ్చటైన లెక్క!

టమోటాలకు మదనపల్లె, పొట్టి ఆవులకు పుంగనూరు, మూడు రాష్ట్రాలు కలిసే చోటుకు కుప్పం... పేరు చెప్పగానే గుర్తొచ్చేవి ఇవే. కానీ ఈ ఊళ్లకు ఇంకో పేరూ ఉంది, అదీ అంకెల్లో. మదనపల్లె 517325. పుంగనూరు 517247. కుప్పం 517425. చిరునామా చివర రాసి మర్చిపోయే ఈ పిన్‌కోడ్‌లను ఒక్కసారి లెక్కల పుస్తకంలోకి తెస్తే..!

మన దేశంలో పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. ఒకే పేరున్న ఊళ్లు ఎన్నో, చిరునామా రాసే భాషలూ ఎన్నో. ఉత్తరం దారి తప్పకూడదని శ్రీరామ్ భికాజీ వేలంకర్ చేసిన ఏర్పాటిది. మొదటి మూడంకెలు, అంటే 517, చిత్తూరు ప్రాంతానివి. చివరి మూడూ ఉత్తరాలు పంచే పోస్టాఫీసువి. 2022లో మదనపల్లె చిత్తూరు జిల్లా నుంచి విడిపోయినా 517 దాన్ని వదల్లేదు!

ఒక సంఖ్యను ఇక విడగొట్టలేని ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయడం హైస్కూలు పిల్లలకు తెలిసిందే. ఎవరు చేసినా, ఎటు నుంచి చేసినా వచ్చే ముక్కలు అవే. కుప్పం సంగతి చూద్దాం. చివర 25 ఉంది కాబట్టి 25తో పోతుంది. అంకెలు కూడితే 24, కాబట్టి 3తోనూ పోతుంది. మిగిలింది 6899, అది ప్రధాన సంఖ్య. అంటే 517425 = 3×5×5×6899.

మదనపల్లెకూ కుప్పానికీ తేడా సరిగ్గా వంద. దాని చివరా 25 ఉంది. కానీ అంకెలు కూడితే 23, కాబట్టి 3తో పోదు. 25తో భాగిస్తే వచ్చేది 20693. అది ప్రధాన సంఖ్యో కాదో ఎలా తెలియాలి? 144ను 144తో గుణిస్తే 20736, దీన్ని దాటిపోతుంది. కాబట్టి 143 లోపున్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి 34. దేనితోనూ పోదు!

పుంగనూరు మాత్రం గడుసుది. 2, 3, 5, 7, 11, 13, 17, 19... వేటికీ లొంగదు. 23 దగ్గర తలుపు తెరుచుకుంటుంది. 517247 = 23×43×523. మూడు ముక్కలూ మూడుతోనే ముగుస్తాయి!

ఈ మూడింటినీ గుణించడం రెండు నిమిషాల పని. కానీ 517247 ఇచ్చి ముక్కలు చెప్పమంటే సాయంత్రమంతా పట్టొచ్చు. కలపడం తేలిక, విడదీయడం కష్టం. ఈ కష్టమే మన రహస్యాలకు కాపలా. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు దీన్నే తాళంగా మార్చారు. రెండు భారీ ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని అందరికీ చెప్పేయొచ్చు, ఆ రెండింటినీ దాచుకుంటే చాలు. డిజిటల్ సంతకాల్లో వాడే ఇలాంటి సంఖ్యకు 617 అంకెలు ఉండటం మామూలే. 2020లో పరిశోధకులు ఎన్నో కంప్యూటర్లను కలిపి పనిచేయించి 250 అంకెల సంఖ్యనొకదాన్ని విడగొట్టగలిగారు. 617 అంటే ఇంకెంత కష్టమో!

ఈ ఆదివారం పిల్లలకు కాగితం, పెన్సిలు ఇచ్చి మీ ఊరి పిన్‌కోడ్ రాయమనండి. అది మదనపల్లెలా మొండిదో, పుంగనూరులా గడుసుదో వాళ్లే తేలుస్తారు. లెక్కలంటే భయపడే పిల్లలకైనా సొంతూరి లెక్క సొంతంగానే అనిపిస్తుంది మరి!