నలభై ఒకటికి ఏడా, తొమ్మిదా?

బాలలూ! హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దాటి బేగంబజార్‌లోకి ఎప్పుడైనా వెళ్లారా? నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలసింది కనుక ఆ బజారుకు ఆ పేరు వచ్చింది. పప్పుల బస్తాలు, ఎండుమిర్చి, మసాలా దినుసులు, ఇత్తడి బిందెలు, రాగి గంగాళాలు - అన్నీ టోకున దొరుకుతాయి. హమాలీల మధ్యనుంచి, తోపుడు బండ్ల మధ్యనుంచి సరుకుల బండ్లు మనిషి నడిచే వేగంతోనే కదలాలి. ఈ నడక వేగం సంగతి గుర్తుంచుకోండి. మన కథకు అదే కీలకం.

ఆ మధ్య మా బడికి కొన్ని ఇత్తడి పాత్రలు కొందామని అక్కడికి వెళ్లాను. మిర్చి ఘాటుతోపాటు ఏదో మాడిన వాసన! చూద్దునుగదా, నా పాత విద్యార్థి ఒకడు తన డీసీఎం పక్కన తల పట్టుకుని నిలబడి ఉన్నాడు. (1980లలో వచ్చిన డీసీఎం టయోటా బండ్ల పేరు మన ప్రాంతంలో ఆ సైజు వ్యానులన్నిటికీ స్థిరపడిపోయింది. ఏ కంపెనీదైనా మనకది డీసీఎమ్మే!)

"నమస్తే సార్! మూడు నెలల్లో ఇది రెండో క్లచ్ ప్లేటు సార్" అన్నాడు.

సంగతి ఇది. పాత ఇంజను అరిగిపోతే, రవాణా కార్యాలయం అనుమతి తీసుకుని టర్బో ఉన్న ఇంజను వేయించాడు. "ఇంత బలమైన ఇంజనుకు ఇక్తాలీస్-సాత్ ఎందుకు, ఇక్తాలీస్-నౌ వెయ్యి, డీజిలు మిగులుతుంది" అన్నాడట ఉస్తాద్. మిర్యాలగూడ రైసు మిల్లులకు వెళ్లేటప్పుడు బండి హాయిగా పోతోంది, డీజిలూ మిగులుతోంది. బేగంబజార్‌కు వస్తే మాత్రం మొరాయిస్తోంది. "ఇంజను బలం పెరిగింది కదా సార్, బండి బలం ఎందుకు తగ్గింది?" అని అడిగాడు. తరగతిలో ఏనాడూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు వాడు!

లారీ వెనుక ఇరుసు మధ్యలో గుమ్మడికాయలాంటి ఉబ్బు చూశారు కదా? అందులో ఉండేదే డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం తిరగాలి. దానికి వీలు కల్పించడం దాని మొదటి పని. రెండో పని వేగాన్ని తగ్గించి, తిప్పే బలాన్ని, అంటే టార్కును, పెంచడం. ఇంజను వైపునుంచి వచ్చే షాఫ్టు చివర పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. అది క్రౌన్ అనే పెద్ద పళ్లచక్రాన్ని తిప్పుతుంది. క్రౌనుకు 41 పళ్లు, పినియన్‌కు 7 ఉంటే, షాఫ్టు 5.86 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. టార్కు కూడా సుమారు అన్ని రెట్లు పెరుగుతుంది; రాపిడికి కొంత పోతుందనుకోండి. పినియన్‌కు 9 పళ్లుంటే ఆ నిష్పత్తి 4.56 మాత్రమే.

"40 పళ్లు పెట్టి, పినియన్‌కు 8 పెడితే లెక్క సులువు కదా, ఈ 41 ఏమిటి?" అని మీకు తోచిందా? తోచాలి! క.సా.గు. నేర్చుకున్నారు కదా, ఇప్పుడు వాడండి. 40, 8ల క.సా.గు. 40. అంటే క్రౌను ఒక చుట్టు తిరిగేసరికి పాత పళ్లే మళ్లీ కలుస్తాయి. పినియన్ మీది ఒక్కొక్క పన్ను ఎప్పటికీ అవే అయిదు పళ్లను కొరుకుతూ ఉంటుంది. ఒక పన్నుకు చిన్న లోపముంటే ఆ అయిదూ అరిగిపోతాయి. 41 ప్రధాన సంఖ్య. 41, 7ల క.సా.గు. 287. పినియన్ మీది ప్రతి పన్నూ క్రౌను మీది ప్రతి పన్నునూ వంతులవారీగా పలకరిస్తుంది. అరుగుదల అందరికీ సమానంగా పంచబడుతుంది. ప్రధాన సంఖ్యలు ఎందుకు పనికొస్తాయని ఇకమీద నన్ను అడగకండి!

ఇక టర్బో సంగతి. 1905లో స్విట్జర్లాండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బుషీ అనే ఇంజనీరు దీనికి పేటెంటు పొందాడు. ఇంజను వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని గిర్రున తిప్పుతుంది. అదే ఇరుసు మీది మరో చక్రం బయటి గాలిని నొక్కి సిలిండర్లలోకి పంపుతుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు, బలం పెరుగుతుంది. అయితే పొగ జోరుగా రావాలంటే ఇంజను వేగంగా తిరగాలి కదా! నిమిషానికి 700, 800 చుట్లు తిరిగేటప్పుడు టర్బో ఉన్నా లేనట్టే. అప్పుడు అది మామూలు ఇంజనే.

ఇప్పుడు నేను అతని బిల్లు పుస్తకం వెనుక వేసిన లెక్క చూడండి. అంకెలు గుండ్రంగా తీసుకున్నాను. టైరు వ్యాసం 80 సెంటీమీటర్లు. అంటే ఒక చుట్టుకు బండి సుమారు 2.5 మీటర్లు కదులుతుంది. గంటకు 60 కిలోమీటర్లంటే నిమిషానికి 1000 మీటర్లు, అంటే 400 చుట్లు. టాప్ గేరులో గేరుబాక్సు వేగాన్ని మార్చదు. కనుక 41-7తో ఇంజను నిమిషానికి 2343 చుట్లు, 41-9తో 1822 చుట్లు తిరగాలి. హైవే మీద డీజిలు మిగలడానికి ముఖ్య కారణం ఇదే. అక్కడ ఉస్తాద్ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ఇక బేగంబజార్‌లో నడక వేగం - గంటకు 4 కిలోమీటర్లు. చక్రం నిమిషానికి దాదాపు 27 చుట్లే తిరుగుతుంది. మొదటి గేరు నిష్పత్తి 5 అనుకుందాం. 41-7తో ఇంజను 781 చుట్లు తిరుగుతుంది. 41-9తో 607! కానీ ఇంజను ఖాళీగా ఆడేటప్పుడే 700 చుట్లు తిరుగుతుంది. అంతకంటే తగ్గితే కొట్టుకుని ఆగిపోతుంది. మరి డ్రైవరు ఏం చేస్తాడు? క్లచ్ సగం తొక్కి పట్టుకుంటాడు. ప్లేటు జారుతూ, రాసుకుంటూ వేడెక్కుతుంది. అర చేతులు గట్టిగా రుద్దుకుని చూడండి, తెలుస్తుంది. బజారు ఈ చివరనుంచి ఆ చివరకు అలా వస్తే మాడదా మరి!

గోదాము ముందున్న ఎత్తు ఎక్కడం ఇంకో కష్టం. సరుకుతో 7 టన్నుల బండి, పది అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు. దాన్ని పైకి నెట్టడానికే సుమారు 6,900 న్యూటన్ల బలం కావాలి. టైర్ల రాపిడి కలిపితే 7,600 అనుకోండి. టర్బో మేలుకోని ఇంజను 160 న్యూటన్-మీటర్ల టార్కు ఇస్తుందనుకుంటే, రాపిడి నష్టం పదో వంతు తీసేశాక, 41-9తో నేల మీద 8,200 న్యూటన్లు దక్కుతాయి. 41-7తో అయితే 10,500. మొదటి దాంట్లో మిగులు 600 మాత్రమే. నిలబడ్డ బండిని కదిలించడానికి అది చాలదు. మళ్లీ క్లచ్ మీదే భారం.

మధ్యేమార్గంగా 41-8 ఉంది. నిష్పత్తి 5.125. నడక వేగంలో ఇంజను 683 చుట్లు, అంటే ఇంచుమించు ఖాళీగా ఆడే వేగమే. హైవే మీద 60 దగ్గర 2050. వారానికి అయిదు రోజులు బజారులో, రెండు రోజులు రోడ్డు మీద తిరిగే బండికి నేనైతే దీన్నే ఎంచుకుంటానన్నాను. పూర్తిగా బజారు బండే అయితే పాత 41-7నే ఉంచమనేవాణ్ణి. ఉస్తాద్ ఒప్పుకున్నాడు, కాకపోతే క్రౌను ఒకచోట, పినియన్ ఒకచోట కొనకూడదని, రెండూ కలిపి నూరిన జతే వేయాలని గట్టిగా చెప్పాడు. అది నాకు తెలియని సంగతి. రాసుకున్నాను.

అప్పుడు నాకు ఇంకో అనుమానం వచ్చింది. "స్పీడోమీటరు తీగ ఎక్కడినుంచి వస్తుంది?" అని అడిగాను. గేరుబాక్సునుంచి అన్నాడు. నా గుండె ఝల్లుమంది! ఆ మీటరు 41-7కు సరిపోయేలా చేసినది. దానికి వెనుక పళ్లు మారినట్టు తెలియదు. కనుక 41-9 వేశాక మీటరులో 50 కనిపించినప్పుడల్లా బండి నిజానికి 64 వేగంతో పోతోంది. మూడు నెలలుగా, ఏడు టన్నుల బరువుతో, పాత బ్రేకులతో! "అందుకేనా సార్, ఈ మధ్య బ్రేకు వేస్తే బండి దూరం పోతున్నట్టుంది!" అన్నాడు వాడు.

నెల తిరగకుండా 41-8 జత వేయించి, మీటరు గేరు కూడా మార్పించానని ఫోను చేశాడు. ఒకవేళ మీటరు గేరు మార్చకుండా ఉంటే, ముల్లు 49 దగ్గర ఉన్నప్పుడు బండి అసలు వేగమెంత? లెక్క కట్టండి. ఆ తరువాత మీ సైకిలు పెడలు దగ్గరి పళ్లు, వెనుక చక్రం పళ్లు లెక్కపెట్టి, వాటి క.సా.గు. ఎంతో కూడా చూడండి.