అమరావతి పద్మానికి కొలత

అమరావతి స్తూపం రాళ్లకు ఇంగ్లీషువాళ్లు ‘మార్బుల్స్’ అని పేరు పెట్టారు. నిజానికి అవి పల్నాటి సున్నపురాళ్లు. కోలిన్ మెకంజీ 1797లో ఆ దిబ్బను చూసి, 1816లో మళ్లీ వచ్చేసరికి అక్కడ ఎంతో నాశనమైపోయింది. మిగిలినవాటిని ఆయన మనుషులు బొమ్మలుగా గీశారు. శిల్పాలు చాలావరకు చెన్నై, లండన్ మ్యూజియంలకు చేరాయి.

ఫ్రీమాంట్‌లో ఉన్న మాకు రెండూ దూరమే! అందుకని మా అమ్మాయి, నేను మ్యూజియం వెబ్‌సైటులోని కంచె స్తంభం ఫోటో తీసుకుని, దాని నడిమి పద్మం మీద కంప్యూటర్‌లో ఒక వృత్తం గీసి చూశాం. అంచు చక్కగా కలిసింది. రేకులు మాత్రం ఒకదానిలా ఒకటి లేవు. మేకు పాతి, తాడు తిప్పి వృత్తం గీసి, రేకులు చేత్తో చెక్కి ఉంటారని నా ఊహ.

అసలు కష్టం పద్మంలో లేదు. స్తంభానికీ స్తంభానికీ నడుమ మూడేసి అడ్డుకమ్మీలు, అవీ రాతివే. వాటి కొసలు స్తంభాల తొలుల్లో దిగాలి. పైగా కంచె స్తూపం చుట్టూ గుండ్రంగా తిరగాలి. ఒక్క తొలి వేలెడు పక్కకు పోయినా కమ్మీ కూర్చోదు కదా!

ఇంకో రాయి లండన్‌లో ఉంది, నాలుగడుగుల పైచిలుకు పలక. ముందు ఒకవైపు చెక్కారు. సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత దాన్నే తిప్పి, రెండోవైపు స్తూపాన్నే చెక్కారు: కంచె, సింహాలు, ఆయక స్తంభాలతో సహా. ఇలాంటి పలకను చుట్టూ ఫోటోలు తీసి త్రీడీ నమూనా చేస్తే, రెండు వైపులూ తిప్పి చూడొచ్చు.

మీ పిల్లలతోనూ చేయించండి. ఫోటో మాత్రం సరిగ్గా ఎదురుగా తీసినదై ఉండాలి. పక్కనుంచి తీస్తే వృత్తం కోడిగుడ్డవుతుంది.