కంపెనీల విరాళములును వోటరుల కోపమును

2024వ సంవత్సరము మార్చి నెలలో ఎన్నికల బాండ్ల పట్టికలు వెలువడినది మొదలు మన సంఘ సభ్యులలో పలువురు “ఈ బాండ్లనగా నేమి? వీనితో రైతునకేమి పని?” అని యడుగుచున్నారు. కోపముతో నడుగువారే హెచ్చు. కోపము న్యాయమైనదే. కాని దేనిపై కోపగించుచున్నామో తెలియనిచో అది గట్టు తెగిన కాలువ నీటివలె ఏ మడికిని పారక పోవును. కావున ఈ విషయమును మొదటినుండి వివరించెదను.

కంపెనీ యనగా వాటాదారుల సొమ్ముతో వ్యాపారము చేయు సంస్థ. దానికి వోటు లేదు. అట్టిది రాజకీయ పార్టీలకు ద్రవ్యమీయవచ్చునా యను ప్రశ్న నేటిది కాదు. పార్టీలకు విరాళము లిచ్చుటకు వీలుగా తన నిబంధనలను మార్చుకొన ననుమతింపుమని టాటా ఇనుము ఉక్కు కంపెనీ కోరగా, 1957లో బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం. సి. చాగ్లాగారు, అప్పటి చట్టమున అడ్డులేనందున, అనుమతి నిచ్చిరి. ఇచ్చుచునే, ఇట్టి విరాళములు పెరిగి పెరిగి ప్రజాస్వామ్యము గొంతు నులుమగలవని హెచ్చరించిరి. 1969లో కంపెనీ విరాళములను బొత్తిగా నిషేధించిరి. సొమ్ము ఆగలేదు, చాటుదారి పట్టినది. 1985లో పరిమితితో మరల అనుమతించిరి. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము, గడచిన మూడేండ్ల సగటు నికరలాభములో నూటికి ఏడున్నర పాళ్లకు మించి ఏ కంపెనీయు ఈయరాదు. ఏ పార్టీకి ఎంత యిచ్చెనో తన లెక్కలలో పేరుతో చూపవలెను.

2017 ఫిబ్రవరిలో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీగారు బడ్జెటు ప్రసంగమున ఎన్నికల బాండ్లను ప్రకటించిరి. 2018 జనవరిలో ప్రభుత్వము ఆ పథకమును ప్రచురించెను. బాండు ఒక విధమగు ప్రామిసరీ నోటు. మన గ్రామములలో వ్రాసికొను నోటుపై ఇచ్చువాని పేరును పుచ్చుకొనువాని పేరును ఉండును. దీనిపై ఏ పేరును ఉండదు. వేయి మొదలు కోటి రూపాయల వరకు ఐదు విలువలలో స్టేటు బ్యాంకు మాత్రమే వీనిని అమ్మెడిది. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలలలో పదేసి దినములు అమ్మకము సాగెడిది. కొన్నవారు దానిని తమకిష్టమైన పార్టీకి ఇచ్చిన, ఆ పార్టీ పదునైదు దినములలో తన ఖాతాలో వేసికొని సొమ్ము పొందెడిది. విలువను బట్టి చూచినచో నూటికి తొంబది పాళ్లకు పైగా కోటి రూపాయల బాండ్లే అమ్ముడుపోయినవి. కోటి రూపాయల నోటు కొనువాడు మనవంటి కౌలుదారుడో చిన్నరైతో కాడని వేరుగ చెప్పనక్కరలేదు.

పథకముతోపాటు చట్టములను మార్చిన తీరు మరింత గమనింపదగినది. ఏడున్నర పాళ్ల పరిమితిని ఎత్తివేసిరి. ఏ పార్టీకి ఇచ్చినది కంపెనీ చెప్పనక్కరలేదు. ఎవరు ఇచ్చినది పార్టీ చెప్పనక్కరలేదు. లాభము లేని కంపెనీయు విరాళమీయవచ్చును. లాభమే లేనివాడు దానమిచ్చుచున్నాడనిన, ఆ సొమ్ము ఎవరిది? ఎందుకు? అని మన గ్రామములో పిల్లవాడైన నడుగును. రిజర్వు బ్యాంకును ఎన్నికల కమీషనును 2017లోనే తమ అభ్యంతరములను వ్రాతమూలకముగ తెలిపినవి. అవి చెల్లలేదు.

ఇచ్చినవాడు నిజముగా అజ్ఞాతుడా? కొనువాని వివరములు బ్యాంకు వద్ద నుండెను. బాండుపై మామూలు కంటికి కానరాని సంఖ్య యొకటి యుండెను. బాండును చేతికిచ్చినవాడెవడో పార్టీ నాయకులకు తెలియకపోవుట ఎట్లు? కోర్టు కోరినచో గాని, దర్యాప్తు శాఖలు నేర కేసు నమోదు చేసినచో గాని బ్యాంకు వివరము లీయవలసియుండెను. తెలియనివాడు ఒక్కడే: వోటరు. విత్తన వ్యాపారికి సంచిలో నేమున్నదో తెలియును, కంపెనీకి తెలియును. చీటి చించివేసిన సంచి రైతు చేతికి వచ్చినట్లున్నది. చీటి లేని విత్తనమును కొనవలదని మనము ఊరూర చెప్పుచున్నాము గదా. మొలక శాతమును, గడువు తేదిని చూడకుండ విత్తువాడు నష్టపోయినపుడు అడుగుటకు ఆధారముండదు. వోటునకును అంతే.

2024 ఫిబ్రవరి 15వ తేదీన సుప్రీముకోర్టు ప్రధాన న్యాయమూర్తి డి. వై. చంద్రచూడ్‌గారు అధ్యక్షులుగా గల ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా ఈ పథకమును కొట్టివేసెను. పార్టీలకు సొమ్మెక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొను హక్కు వోటరునకు కలదనియు, కంపెనీల విరాళము ప్రతిఫలము నాశించి యిచ్చు వ్యాపార వ్యవహారమనియు, దానికి హద్దు లేకుండజేయుట రాజ్యాంగ విరుద్ధమనియు తీర్పు చెప్పెను. వివరముల నిచ్చుటకు జూన్ 30 వరకు గడువీయుమని స్టేటు బ్యాంకు కోరగా కోర్టు నిరాకరించి, ఒక్క దినము మాత్రమే గడువిచ్చెను. ఇన్ని కోట్ల ఖాతాలను కంప్యూటరులతో నడుపు బ్యాంకు, తానమ్మిన ఇరువది రెండువేల చిల్లర బాండ్ల లెక్కకు నాలుగు నెలలడుగుట విని నవ్వనివారు లేరు. మన సంఘ గుమాస్తాయే అంతకు ముందు కూర్చి యుండును.

2018 మార్చి మొదలు 2024 జనవరి వరకు ముప్పది విడతలలో సుమారు 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడుపోయెను. బయటపెట్టిన వివరములు 2019 ఏప్రిల్ 12 నుండి మొదలగును. కొన్నవారిలో మొదటిది లాటరీ వ్యాపారము చేయు ఫ్యూచర్ గేమింగ్ సంస్థ, 1,368 కోట్లు. రెండవది మన హైదరాబాదునందలి మేఘా ఇంజనీరింగు సంస్థ, 966 కోట్లు. పుచ్చుకొనినవారిలో భారతీయ జనతాపార్టీ ఆరువేల కోట్లు దాటెను. తృణమూల్ కాంగ్రెసు సుమారు 1,600, కాంగ్రెసు 1,400, భారత రాష్ట్ర సమితి 1,200 కోట్లు. వై. యస్. ఆర్. కాంగ్రెసును తెలుగుదేశమును వందల కోట్లలో పొందినవి. కావున ఒక్క పార్టీవారిని దూషించి తక్కినవారిని వదలుట న్యాయము కాదు. ఏ కంపెనీ ఏ మేలు కోరి యిచ్చెనో కోర్టు తేల్చలేదు. ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమింపుమనిన ప్రార్థనను 2024 ఆగష్టు 2న నిరాకరించెను. గనుక ఈ పట్టికను నేరపత్రముగా చదువరాదు. కాలువ కాంట్రాక్టు, పంటల బీమా, భూసేకరణ, ఎరువుల ధర వీనిని నిర్ణయించువారికి ఎవరు సొమ్మిచ్చిరో తెలిపెడి చీటిగా చదువవలెను.

ఇక మన వోటరుల కోపమును గూర్చి ఒకమాట. 2021లో హుజూరాబాదు ఉప ఎన్నికలోను, 2022లో మునుగోడు ఉప ఎన్నికలోను తమకు డబ్బు కవరు అందలేదని కొందరు వోటరులు బహిరంగముగా అడిగిరి. అదియు కోపమే. ఆ కవరు సొమ్మునకు లెక్కలేదు. బాండు సొమ్ము బ్యాంకు ద్వారా పోవును. రెండును ఒకటి కావు. అయినను కవరు చేతబట్టుకొని, కోటి బాండునిచ్చినవానిని నిలదీయుట కష్టము. లోక్‌సభ అభ్యర్థి పెద్ద రాష్ట్రములలో 95 లక్షలకు మించి వ్యయపరచరాదని 2022 నుండి నియమము కలదు. పార్టీ చేయు వ్యయమునకు హద్దే లేదు. నా దృష్టిలో బాండ్లకంటె ఇది పెద్ద కంత.

మన సహకార సంఘములో పది వాటాలున్నవానికి ఒక్క వోటే, ఒక వాటా యున్నవానికి ఒక్క వోటే. మహాజనసభలో లెక్కలు చదువుదురు. ఎవరైనను లేచి ప్రశ్నింపవచ్చును. అందరు సంఘములలో అట్లు జరుగుచున్నదని నేననను. నిబంధన మాత్రము స్పష్టము. దేశమునందలి వోటును సమానమే యని రాజ్యాంగము చెప్పుచున్నది. లెక్క చదువకపోయిన, వాటాలు హెచ్చుగా నున్నవాని మాటయే చెల్లును.

బాండ్లు పోయినవి గాని కంపెనీల విరాళములు పోలేదు. ఏడున్నర పాళ్ల హద్దు తీర్పుతో మరల వచ్చినది. ఎలెక్టొరలు ట్రస్టులు అను సంస్థలు కంపెనీలనుండి సొమ్ము తీసికొని పార్టీలకు పంచుచున్నవి. అవి యిచ్చినవారి పేర్లను, పుచ్చుకొనినవారి పేర్లను ఎన్నికల కమీషనునకు తెలుపవలెను. ఇరువదివేల రూపాయలకు మించి యిచ్చినవారి పేర్లను పార్టీలు ఏటేట తెలుపవలెను. అంతకు లోబడిన విరాళములకు పేరు చెప్పనక్కరలేదు. ఈ నివేదికలన్నియు కమీషనువారి వెబ్‌సైటునందు ఎవరైనను ఉచితముగ చూడవచ్చును. అవి ఆంగ్లములో నుండును గాని, పేరును మొత్తమును చదువుటకు పెద్ద చదువక్కరలేదు. సంఘ కార్యాలయమందలి కంప్యూటరులో మన ప్రాంతమున గెలిచిన పార్టీ నివేదికను తెరచి, మన మండలములో పనులు చేయుచున్న కాంట్రాక్టరుల పేర్లతో సరిచూచుకొనుటకు ఒక్క సాయంకాలము చాలును.