కొండ గ్రామమునకు ప్రయాణము - ముందుగా చేసికొనవలసిన ఏర్పాట్లు

మైదాన గ్రామమునకు పోవుట వేరు, కొండ గ్రామమునకు పోవుట వేరు. మైదానములో నేడు బస్సు తప్పినచో రేపు పోవచ్చును. కొండలలో ఒక గెడ్డ పొంగినచో ఒక పంటకాలమే తప్పిపోవును. విత్తనము పంచుటకు గాని, మన్ను నమూనాలు తెచ్చుటకు గాని, కాఫీ, మిరియాల తోటలు చూచి వచ్చుటకు గాని కొండలెక్కు రైతు సోదరులు, గ్రామోద్యోగులు ఈ సంగతిని మొదట గమనించవలెను.

2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, చింతపల్లి ప్రాంతములకు నేడు మంచి రోడ్లు కలవు. కాని రోడ్డు ఆగిపోయిన చోటునుండి కాలినడకన చేరవలసిన గ్రామములు ఇంకను ఉన్నవి. ఈ వ్యాసము అట్టి గ్రామములకు పోవువారి కొరకే.

నా మొదటి పొరపాటు

ఉద్యోగములో చేరిన క్రొత్తలో నేను అట్టి యొక గ్రామమునకు చోడి విత్తనము తీసికొని బయలుదేరితిని. మా కార్యాలయపు పట్టికలో జూన్ నెలాఖరు అని ఉన్నది. నేను ఆ పట్టికనే నమ్మితిని గాని గ్రామమువారి నెవ్వరిని అడుగలేదు. దారిలో గెడ్డ పొంగినది. ఈవలి ఒడ్డున ఒక పాకలో మూడు రోజులు ఆగితిని. రెండు బస్తాలు అడుగున తడిసి మొలకలెత్తినవి. నాలుగవ నాడు గ్రామము చేరునప్పటికి నారుమళ్లు పోయుట అయిపోయినది. మా విత్తనము కొరకు ఎదురు చూచి, చూచి, కొందరు సంతలో వర్తకుని వద్ద అప్పుకు విత్తనము తెచ్చుకొన్నారు. ఊరి పెద్ద నన్ను తప్పు పట్టలేదు. "గెడ్డ తగ్గేదాకా నేల ఆగదు గదా బాబూ" అని మాత్రము అన్నాడు. ఆ అప్పు వారు పంట చేతికి వచ్చిన పిదప తీర్చుకొన్నారు. నేను ఒక్క మాట ముందుగా అడిగియున్నచో ఆ అప్పు ఉండెడిది కాదు.

ఏ కాలమున పోవలెను

కొండ ప్రయాణమును మన తీరికనుబట్టి గాక ఆ గ్రామపు పనులనుబట్టి నిర్ణయింపవలెను. విత్తనము ఇచ్చు పని యున్నచో వానలు పడకముందే, అనగా ఏప్రిల్, మే నెలలలోనే చేరవలెను. ఎండు దారిలో జీపు పోగలిగినంత దూరము పోవును. జూన్ మొదలు సెప్టెంబరు వరకు గెడ్డలను నమ్మరాదు. పైన కొండమీద వాన కురిసినచో, మన నెత్తిన చినుకు లేకున్నను క్రింద గెడ్డ గంటలో పొంగవచ్చును. నీరు మోకాలు దాటి వేగముగా పారుచున్నచో ఎంత తొందర పనియైనను ఆగుటయే మంచిది.

పంటలు చూచుటకు పోవువారికి శీతకాలము అనుకూలము. నవంబరు మొదలు జనవరి వరకు కాఫీ పండ్లు కోయుదురు. అయితే చలిని తేలికగా తీసికొనరాదు. ప్రతి 1000 మీటర్ల ఎత్తునకు వేడిమి సుమారు 6 డిగ్రీల సెంటీగ్రేడు తగ్గును. దాదాపు 1000 మీటర్ల ఎత్తుననున్న లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలలలో తెల్లవారుజామున నీరు గడ్డకట్టునంత చలి వేయు రోజులు కలవు. ఉదయము పొగమంచు విడిచిన పిదపనే ఘాటీ ఎక్కవలెను.

పండుగలను కూడ తెలిసికొనవలెను. చైత్రమాసములో వచ్చు ఇటుకల పండుగ దినములలో మగవారు వేటకు పోవుదురు. అప్పుడు సమావేశము పెట్టినచో వచ్చువారుండరు. క్రొత్త పంటను దేవతకు పెట్టి పండుగ జరుపకముందు దానిని ముట్టకుండుట పలు గ్రామములలో ఆచారము. అట్టి సమయమున చేను కోసి చూపుమని అడుగరాదు.

సంతలోనే మొదటి మాట

సంతనాడు కొండ గ్రామము ఖాళీగా నుండును. ఆనాడు గ్రామమునకు పోయిన ముసలివారు, పిల్లలు తప్ప ఎవరును కనబడరు. కాని ఆ సంతయే మనకు ఉపకారము. ఫోను అందని గ్రామమువారు కూడ వారమున కొకమారు సంతకు వత్తురు. కావున పది దినములు ముందుగా సంతకు పోయి ఊరి పెద్దను కలిసికొని ఈ క్రింది విషయములు అడిగి వ్రాసికొనవలెను.

1. దారిలో ఎన్ని గెడ్డలున్నవి? వంతెన యున్నదా?
2. జీపు ఎంతవరకు వచ్చును? ఆపై ఎంతసేపు నడువవలెను?
3. ఏ పంట, ఎన్ని ఎకరములు, ఎప్పుడు విత్తుదురు?
4. ఏ వేళకు అందరును ఇండ్లవద్ద నుందురు?
5. బరువు మోయుటకు ఎవరు వత్తురు? కూలి ఎంత?

ఎంతసేపని అడిగినప్పుడు ఒక జాగ్రత్త అవసరము. వారు గంట అన్న దారి మనకు రెండు గంటలు పట్టును. చీకటి పడకముందు చేరునట్లు లెక్క వేసికొనవలెను.

బరువు లెక్క

కొండదారిలో మనిషి తలమీద 20 కిలోలకు మించి పెట్టరాదు. చోడి నారు పోసి నాటుటకు ఎకరమునకు 2 కిలోల విత్తనము చాలును. అనగా ఒక మనిషి మోతలో 10 ఎకరముల విత్తనము చేరును. రాజ్మా ఎకరమునకు 30 కిలోలకు పైగా కావలెను. ఒక మనిషి మోత ఒక ఎకరమునకు కూడ చాలదు. పసుపు కొమ్ములు ఎకరమునకు 8 నుండి 10 క్వింటాళ్లు కావలెను. కావున చోడి, సామ వంటి చిరుధాన్యముల విత్తనమును మోసుకొని పోవచ్చును గాని, రాజ్మా, పసుపు విత్తనములను దారి ఎండి యున్నప్పుడే చేర్చవలెను, లేదా ఆ గ్రామములోనే మంచి విత్తనము ఎంపిక చేయించి నిలువ చేయించవలెను. విత్తనమును ప్లాస్టిక్ సంచిలో కట్టి, దానిపై గోనె తొడిగి మోయించినచో తడియదు. పురుగు మందులను విత్తనముతో గాని, తిండి సామానుతో గాని ఒకే మూటలో కట్టరాదు.

మోత కూలి విషయమున నిర్లక్ష్యము తగదు. ఈ కొండలలో రోడ్డు పనులకు గిరిజనులచే చాలీచాలని కూలికి చాకిరి చేయించుట 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటునకు గల కారణములలో నొకటి. ఆ ఏడు ఆగస్టు 22వ తేదీన ముట్టడింపబడిన చింతపల్లి పోలీసు ఠాణా మీదుగానే మనము నేడును పోవుచున్నాము. కూలి ముందుగా మాట్లాడుకొని, బరువు దించిన వెంటనే చేతికి ఈయవలెను. ఫోను ద్వారా డబ్బు చెల్లించు సౌకర్యము అక్కడ పనిచేయకపోవచ్చును గనుక చిన్న నోట్లు దగ్గర నుంచుకొనవలెను.

వెంట నుండవలసినవి

దోమతెర, కంబళి, టార్చిలైటు, గొడుగు, అదనపు జత బట్టలు, మందుల పెట్టె, రెండు దినములకు చాలు బియ్యము, పప్పు తప్పనిసరి. మన్యములో మలేరియా భయము కలదు. దోమతెర లేకుండ పండుకొనరాదు. నీటిని కాచి త్రాగవలెను. తిరిగి వచ్చిన పిదప చలిజ్వరము వచ్చినచో ఆలస్యము చేయక రక్తపరీక్ష చేయించుకొనవలెను.

చింతపల్లిలో ఆచార్య ఎన్. జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి పరిశోధన స్థానము కలదు. ఆ మార్గమున పోవువారు ఒక పూట అక్కడ ఆగి, ఎత్తు ప్రాంతములకు తగిన రకములను గూర్చి తెలిసికొని పోవుట మంచిది. మైదానపు సలహా కొండమీద అన్నివేళల చెల్లదు.

గ్రామములో

పగలు అందరును కొండ పోడు మీద నుందురు. రాత్రి భోజనములైన పిదప గాని, తెల్లవారుజామున గాని మాటలాడవలెను. కొన్ని గ్రామములలో కువి, ఆదివాసీ ఒడియా మాటలాడుదురు; తెలుగు వచ్చిన యువకుని ఒకరిని ముందుగా పిలుచుకొనవలెను. విత్తనము దాచుట, కలుపు తీయుట ఎక్కువగా స్త్రీల పని. వారిని కూర్చుండబెట్టి అడుగక చేసిన సమావేశము సగము సమావేశమే.

మైదాన రైతులు ఒక సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. షెడ్యూలు ప్రాంతములో గిరిజనేతరులు భూమి సంపాదించుట 1/70 చట్టము ప్రకారము నిషిద్ధము. భూముల బేరము మాట ఎత్తినచో, మంచి పనిమీద వచ్చినవారిని కూడ గ్రామము నమ్మదు.

తిరిగి వచ్చునప్పుడు

మన్ను నమూనాను 15 సెంటీమీటర్ల లోతువరకు తీసి, పొలమున కొక అర కిలో చొప్పున, రైతు పేరు వ్రాసి కట్టవలెను. బయలుదేరకముందే మరల ఎప్పుడు వత్తుమో చెప్పి, ఆ తేదీని తప్పక పాటింపవలెను.

మరుసటి ఏడు నేను ఏప్రిల్‌లోనే సంతలో ఆ ఊరి పెద్దను కలిసికొంటిని. ఆయన చెప్పిన దినముననే మే నెలలో విత్తనము చేర్చితిమి. తొలి వానకు ఆ గ్రామములో ఒక్కరును విత్తనపు అప్పుకు పోలేదు. ఇందులో గొప్ప ఏమియు లేదు. ఆ యేడు పట్టిక వ్రాసినది గ్రామమువారు. నేను దానిని అనుసరించితిని. కొండ గ్రామమునకు పోవు ప్రతివారును ఇట్లే చేయుదురుగాక.