హారిస్ డేగల పనిలో చేరుతున్నారా? పక్షి గురించీ, మీ హక్కు గురించీ తెలుసుకోండి

డ్రైవర్ పని అని వచ్చినవాళ్లు, మజ్రాలో తోట పని అని వచ్చినవాళ్లు, ఇక్కడ దిగాక పక్షులు చూసుకునే పనిలో పడుతుంటారు. కొందరిని పావురాలు తరిమే కంపెనీలు నేరుగా తీసుకుంటున్నాయి. చేతికి తోలు గ్లౌజు తొడిగి, దాని మీద డేగను పెట్టి, "రేపటి నుంచి నువ్వే చూసుకో" అంటారు. ఆ పక్షి ఖరీదు మన ఏడాది జీతం కంటే ఎక్కువ ఉండొచ్చు. దానికేమన్నా అయితే మాట పడేది మనమే. కాబట్టి ఈ పని ఎట్లా ఉంటుందో, చట్టం మీకు ఏమిస్తుందో రెండూ కలిపి చెబుతున్నాం. చట్టం సంగతి యూఏఈ వరకే చెబుతున్నాం. మిగతా దేశాల్లో రూల్స్ వేరుగా ఉంటాయి.

ఇది ఏ పక్షి?

అరబ్బులు హుబారా వేటకు వాడే సేకర్, షాహీన్ పక్షులు వేరు, హారిస్ హాక్ వేరు. దీని సొంత ఊరు ఎడారే గానీ మన అరేబియా ఎడారి కాదు. అమెరికాలోని అరిజోనా, టెక్సాస్ నుంచి కిందికి చిలీ, అర్జెంటీనా దాకా ఉంటుంది. ముదురు గోధుమ రంగు ఒళ్లు, భుజాల మీద ఇటుక రంగు, తోక మొదట్లో, చివర్లో తెలుపు. మగది 600, 700 గ్రాముల దగ్గర ఉంటుంది. ఆడది కిలో దగ్గరికి వస్తుంది. బాగా చూసుకుంటే 20 ఏళ్లు దాటి బతుకుతుంది.

డేగల్లో ఎక్కువ జాతులు ఒంటరిగా వేటాడతాయి. హారిస్ హాక్ కుటుంబంగా, గుంపుగా వేటాడుతుంది. ఒకటి పొదలోకి దూరి కుందేలును బయటికి తరిమితే ఇంకొకటి పట్టేస్తుంది. ఈ కలుపుగోలు గుణం వల్లే మనిషితో తొందరగా కలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతికి దీన్నే ఇచ్చేది అందుకే. లండన్‌లో వింబుల్డన్ టెన్నిస్ మైదానంలో పావురాలను తరిమే రూఫస్ కూడా ఈ జాతిదే.

తూకమే మొదటి పాఠం

డేగకు మనిషి మీద ప్రేమ పుట్టి చేతి మీద వాలదు. మాంసం కోసం వాలుతుంది. కడుపు నిండా ఉంటే మీ ఈల వినదు, చెట్టెక్కి కూర్చుంటుంది. మరీ ఆకలిగా ఉంటే నీరసించి చచ్చిపోతుంది. ఈ రెండింటి మధ్య సరైన బరువును పట్టుకోవడమే ఈ పనిలో అసలు కిటుకు. రోజూ ఒకే టైముకు, మేత పెట్టకముందు, గ్రాముల తక్కెడ మీద తూచండి. పెట్టిన మేత బరువు కూడా నోటుబుక్కులో తేదీతో రాయండి. మీకు తెలుగే వస్తే తెలుగులోనే రాయండి. బరువు తగ్గించాలంటే మెల్లమెల్లగా, కొన్ని రోజుల మీద తగ్గించాలి. ఒక్క రోజులో మాడ్చకూడదు. చలి రోజుల్లో అదే బరువు నిలవాలంటే మేత కొంచెం ఎక్కువ కావాలి.

మేత అంటే కోడిపిల్లలు, కౌజు పిట్టలు, ఎలుకలు. ఫ్రీజర్‌లోవి అయితే పూర్తిగా కరిగాకే పెట్టాలి. వండిందీ ఉప్పేసిందీ పెట్టకూడదు. ఈకలు, ఎముకలు, బొచ్చు కలిసిన ఉండను పక్షి మరుసటి రోజు కక్కుతుంది. అది కక్కాకే మళ్లీ మేత వేయాలి. పట్టుకున్న పావురాన్ని అట్లాగే తినిపించకండి. పావురాల నుంచి డేగ గొంతుకు పుండ్లు పడే రోగం అంటుకుంటుంది.

చేతి మీద నుంచి ఆకాశంలోకి

మొదటి రోజుల్లో పక్షి చేతి మీద నుంచి దూకి తలకిందులుగా వేలాడుతుంది. అరవకండి, ఊపకండి. రెండో చెయ్యి వీపు కింద పెట్టి మెల్లగా పైకి లేపండి. గ్లౌజు మీద తినడం మొదలుపెట్టిందంటే సగం పని అయినట్టే. తర్వాత ఒక అడుగు దూరం నుంచి దూకించడం, తర్వాత పొడవు తాడు కట్టి 10 మీటర్లు, 30 మీటర్లు రప్పించడం. ప్రతిసారీ ఒకే ఈల, ప్రతిసారీ మాంసం ముక్క. పిలిచిన వెంటనే వస్తుంటేనే తాడు విప్పాలి.

విప్పి ఎగరేసేముందు కాళ్లకున్న పొడవు తాడు, ఇనుప మెలిక తీసేశారా అని చూడండి. అవి ఉంటే చెట్టుకో తీగకో చిక్కుకుని పక్షి వేలాడి చస్తుంది. ట్రాన్స్‌మిటర్ పనిచేస్తోందో లేదో నేల మీదే చూసుకోండి. ఈ జాతికి కరెంటు స్తంభాల మీద వాలే అలవాటు ఎక్కువ. షాక్ కొట్టి చనిపోయేవి చాలా. లైన్లు ఉన్నచోట ఎగరేయమంటే ముందే సూపర్‌వైజర్‌కు చెప్పండి, వాట్సాప్‌లో చెప్పండి. మాట గాలికి పోతుంది, మెసేజ్ ఉంటుంది.

వేటలో పట్టిన జంతువును పక్షి కాళ్ల కింద నుంచి లాక్కోకూడదు. లాక్కుంటే రేపటి నుంచి మిమ్మల్ని దొంగలా చూసి దూరంగా ఎత్తుకుపోతుంది. గ్లౌజు మీద మంచి ముక్క చూపించి, అది ఇటు ఎక్కాక, పట్టినదాన్ని కనబడకుండా సంచిలో వేసుకోవాలి. ఇంకో ముఖ్యమైన మాట. యూఏఈలో అనుమతి ఉన్న ప్రాంతాల్లో తప్ప అడవి పక్షులను, జంతువులను వేటాడటం నేరం. "అర్బాబ్ చెప్పాడు" అంటే పోలీసులు ఊరుకోరు.

పావురాలు తరిమే పని

సిటీల్లో హారిస్ హాక్ పని ఎక్కువగా ఇదే. చంపడం ఉండదు, భయపెట్టడమే. డేగ రోజూ తిరిగితే పావురాలు, గోరింకలు ఆ బిల్డింగ్ వదిలేస్తాయి. అందుకని వేట బరువు కంటే కొంచెం ఎక్కువ బరువులో ఉంచి ఎగరేస్తారు. ఇక్కడ మీకు మూడు ప్రమాదాలు. ఒకటి, మేడల అంచులు. సేఫ్టీ బెల్టు లేకుండా అంచుకు వెళ్లకండి. రెండు, ఎండిన పావురాల రెట్ట. ఆ దుమ్ము పీల్చితే ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. నీళ్లు చల్లి, మాస్క్ పెట్టుకుని తీయాలి. మూడు, ఎండ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు బయట ఎండలో పని చేయించకూడదన్న రూల్ కంపెనీ కార్మికులకు ఉంది. ఆ ఎండ పక్షికీ మంచిది కాదు. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు దించేసిందంటే వెంటనే నీడకు తీసుకెళ్లండి.

గోరు దిగితే

డేగ ముక్కు కంటే కాలికి భయపడాలి. వెనక గోరు సూదిలా లోతుగా దిగుతుంది. పైకి చిన్న రంధ్రమే కనబడుతుంది, లోపల చీము పడుతుంది. పట్టుకున్నప్పుడు చెయ్యి గుంజకండి, గుంజితే ఇంకా బిగిస్తుంది. కదలకుండా ఉండి, పక్కవాళ్లతో పక్షి కాలును మెల్లగా తిన్నగా చాపించండి. కాలు చాపితే వేళ్లు వదులవుతాయి. సబ్బు నీళ్లతో బాగా కడిగి ఆసుపత్రికి వెళ్లండి, టీటీ ఇంజెక్షన్ సంగతి అడగండి. గాయం ఫొటో, తేదీ, ఆసుపత్రి చీటీ దాచుకోండి. పక్షిని ఎప్పుడూ ముఖం దగ్గరికి తేకండి.

పక్షికి అబుదాబిలో 1999 నుంచి ప్రత్యేక ఆసుపత్రి ఉంది. మీకు జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడం కూడా యజమాని బాధ్యతే. అడగడానికి మొహమాటపడకండి.

మీ వీసా మీద ఏ పని రాసి ఉంది?

డేగలను చూసుకునే పని యూఏఈలో ఇంటి పనివారి జాబితాలో గుర్తింపు ఉన్న పని. ఇంటి వీసా అయితే మీకు 2022 నాటి 9వ నంబరు చట్టం వర్తిస్తుంది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటల విశ్రాంతి, అందులో వరుసగా 8 గంటలు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు మీ హక్కు. గడువు దాటిన 10 రోజుల్లోపు జీతం ఇవ్వాలి. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి.

కంపెనీ వీసా అయితే 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం. రోజుకు 8 గంటలు, వారానికి 48. ఆ పైన చేస్తే ఓవర్‌టైమ్. పావురాల పని తెల్లవారుజామున కొంత, సాయంత్రం కొంత ఉంటుంది. మధ్యలో "నిఘా పెట్టు" అని నిలబెడితే అది కూడా పని గంటే, రాసుకోండి. ఇంటి వీసా మీద తెచ్చి కంపెనీ పని చేయించడం, మీ ఒప్పుకోలు లేకుండా వేరే పనికి మార్చడం చట్టం ఒప్పుకోదు.

పక్షి ఎగిరిపోతే, చచ్చిపోతే

ఎంత బాగా నేర్పినా డేగ ఒక్కోసారి గాలికి కొట్టుకుపోతుంది. అప్పుడు "పక్షి ఖరీదు కట్టేదాకా జీతం లేదు, ఊరికి పంపను" అని బెదిరించేవాళ్లు ఉంటారు. యజమాని తనంతట తాను జీతం మొత్తం ఆపేయడానికి వీల్లేదు. పాస్‌పోర్టు పట్టి ఉంచడానికి అసలే వీల్లేదు. నష్టం మీద తగాదా వస్తే కార్మిక శాఖ ముందుకు పోవాలి. అక్కడ మీకు అండగా నిలబడేది మీ నోటుబుక్కే. బరువు ఎంత, మేత ఎంత, జబ్బు గురించి ఎవరికి ఎప్పుడు చెప్పారు అన్నది అందులో ఉంటే నిర్లక్ష్యం అనే మాట నిలవదు. చదవలేని కాగితం మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. కార్మిక శాఖ నంబరు 80084. భారతీయుల సహాయ కేంద్రం నంబరు 80046342.

సరిహద్దు దాటి రమ్మంటే

చలికాలంలో వేట బృందాలు వేరే దేశాలకు పోతాయి. వంటకు, గుడారాలకు, పక్షులకు మనవాళ్లను వెంట తీసుకెళ్తారు. 2015 డిసెంబర్‌లో ఇరాక్ దక్షిణ ఎడారిలో వేటకు వెళ్లిన ఖతర్ బృందాన్ని సాయుధులు ఎత్తుకుపోయారు. విడుదలైంది 2017 ఏప్రిల్‌లో. వెనక రాజకుటుంబం ఉన్నవాళ్లకే అంతకాలం పట్టింది. మీరు వెళ్లే దేశం వీసా ఏది, తిరిగొచ్చే తేదీ ఏది, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉంటుంది అని బయలుదేరకముందే అడగండి. ఇంట్లోవాళ్లకు, ఒక స్నేహితుడికి లొకేషన్ పంపండి.

హారిస్ హాక్ సైటీస్ ఒప్పందం రెండో జాబితాలో ఉంది. కాగితం లేకుండా అది సరిహద్దు దాటకూడదు. యూఏఈ 2002లోనే డేగలకు పాస్‌పోర్టు పెట్టింది. పక్షికే పాస్‌పోర్టు అడిగే చోట మనం మన పాస్‌పోర్టు అడగడం తప్పెలా అవుతుంది?

ఊళ్లో ఉన్న కుటుంబాలకు

మీవాడు పక్షుల పని అంటే నవ్వి ఊరుకోకండి. వీసా కాపీ, కాంట్రాక్టు కాపీ ఫోన్‌లో తెప్పించుకుని దాచండి. నెలకోసారి నోటుబుక్కు పేజీల ఫొటోలు పంపమనండి. అక్కడి ఫోన్ పోయినా లెక్క మీ దగ్గర ఉంటుంది. ఇంకొకటి, సెలవుకు వచ్చినప్పుడు నేర్చిన పని చూపిద్దామని ఊళ్లో డేగ పిల్లను పట్టకండి. మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం.

ఈ పని మంచి పనే. ఓపిక ఉన్నవాడికి పేరు తెచ్చే పని, పదేళ్లు చేసినవాడికి గిరాకీ ఉన్న పని. కొత్తగా చేరుతున్నవాళ్లు గ్లౌజు తొడిగే ముందే మూడు పనులు చేయండి. వీసాలో పని పేరు చదివించుకోండి, పాస్‌పోర్టు మీ దగ్గర పెట్టుకోండి, నోటుబుక్కు కొనండి.