కొత్త ఇంట్లో పాత భాష

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల గురించి తెలియని తెలుగువారు అరుదు. 1990లలో అక్కడ కోబాల్, విజువల్ బేసిక్ నేర్చుకుని విమానమెక్కినవాళ్ళు ఇటు గల్ఫ్‌లోనూ, అటు అమెరికాలోనూ ఉన్నారు. ఇప్పుడు అల్ రువైస్‌లో కంప్యూటర్ పాఠాలు చదివే మన పిల్లలకు ఆ పేర్లు వింతగా ఉంటాయి. కొత్త వేదికల మీద ఆ పాత భాషలకు ఇంకా చోటుండాలా?

కొంచెం వెనక్కి వెళదాం. సైన్సు చదవని విద్యార్థులకూ కంప్యూటర్ అందాలని 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో కెమెనీ, కర్ట్జ్ అనే ఆచార్యులు బేసిక్ భాషను తయారుచేశారు. మైక్రోసాఫ్ట్ 1991లో దాని వారసురాలిగా విజువల్ బేసిక్‌ను తెచ్చింది. 1998లో ఆరో వెర్షన్ వచ్చింది. దుకాణం బిల్లుల నుంచి ఫ్యాక్టరీ స్టోర్సు లెక్కల దాకా ఎన్నో ప్రోగ్రాములు అందులో రాశారు.

2002లో డాట్‌నెట్ వచ్చింది. సీ షార్ప్ అనే కొత్త భాషతో పాటు విబికీ అందులో చోటిచ్చారు. పేరు అదే, లోపలి నియమాలు మారాయి. పాత విబిలో ‘ఇంటిజర్’ అంటే రెండు బైట్లు, 32,767 దాటదు. కొత్తదానిలో నాలుగు బైట్లు, 214 కోట్ల దాకా వెళుతుంది. మంచిదేగా అంటారా? రెండు బైట్ల లెక్కన దాచిన పాత ఫైలును నాలుగు బైట్ల లెక్కన చదివితే అంకెలన్నీ తారుమారే! ‘వేరియంట్’ అనే రకమైతే పూర్తిగా పోయింది. మార్చిపెట్టే విజార్డ్ ఇచ్చినా, మిగిలింది చేత్తో సరిచేయాల్సి వచ్చింది. చిన్న కంపెనీకి అది మోయలేని ఖర్చు.

పాత విబిని కొనసాగించమని 2005లో ఎందరో ప్రోగ్రామర్లు విజ్ఞాపన పెట్టుకున్నారు. ఫలితం లేకపోయింది. మన హైదరాబాదీ సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2020లో విబి డాట్‌నెట్‌లో ఉంటుంది గానీ, భాషగా ఇక పెంచబోమని చెప్పేసింది.

కోబాల్ దారి వేరు. 1960 నాటి ఈ భాషలోని కోడును విజువల్ కోబాల్ వంటి సాధనాలు చాలావరకు ఉన్నదున్నట్టే డాట్‌నెట్ మీదికి తెచ్చాయి. ఏళ్ళ తరబడి సరిచూసుకున్న జీతాల లెక్కలు, వడ్డీ లెక్కలు దానితోపాటే వచ్చాయి.

నా దృష్టిలో భాష వయసు ముఖ్యం కాదు. అందులో చేసిన పని వెంట రావాలి. పేరొక్కటే వస్తే అది పాత బోర్డు తగిలించిన కొత్త దుకాణమే.

పిల్లలూ, కొత్త ప్రాజెక్టుకు సీ షార్పో, పైథానో నేర్చుకోండి. రేపు ఆఫీసులో పాత ప్రోగ్రాము కనబడితే మాత్రం నవ్వకండి. ఎక్కడా రాసిపెట్టని నియమాలు ఆ కోడులోనే ఉండవచ్చు. ముందు చదవండి, తరువాతే మార్చండి.